నీళ్ళు నిలవని బండి

ఆదెన్న ట్రాక్టరు నీళ్ళు మింగుతోంది. పొద్దున రేడియేటర్ మూతిదాకా నింపితే, ట్యాంకరు రెండు తడవలు తోలి వచ్చేసరికి బిందెడు తక్కువ. కిందికి వంగి చూస్తే నేల మీద చుక్క లేదు. రబ్బరు పైపులు తడిమితే పొడిగా ఉన్నాయి. పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయో అంతు చిక్కడం లేదు.

బండి ఆగితే చీనీ తోట ఎండుతుంది. సంగతి అంతే.

ఆ బత్తాయి తోట అతని పెళ్ళాం తిప్పమ్మది. పాసుపుస్తకంలో పేరు అతనిదే, తోట మాత్రం ఆమెది. ఏటికేడు వేరుశనగ వేసి, చెట్టుకు నాలుగు కాయలు కూడా పట్టక, పెరికిన కట్టె అంతా పశువుల ముందు వేసుకుంటూ వచ్చాక, ఒకనాడు సంగటి వడ్డిస్తూ ఆమె "చీనీ పెడదాం మామా" అంది. ఆదెన్న తల ఊపాడు. మాటలు తక్కువ మనిషి. అతను తల ఊపాడంటే పత్రం రాసి వేలిముద్ర వేసినట్టే. అంటుమొక్కలు నాటిన మొదటి ఎండాకాలం ఆమె ఒక్కో మొక్క మొదట్లో చెంబుతో నీళ్ళు పోసింది. పాదుల్లో వేరుశనగ పొట్టు పరిచింది. మేకలు వస్తాయని మధ్యాహ్నం కూడా కొట్టంలో నడుం వాల్చలేదు. ఈ ఏడు చెట్లు తొలికాపుకు వచ్చి, పిందెలు నిమ్మకాయలంత అయ్యాయి. అయ్యేసరికి బోరు గాలి తన్నడం మొదలుపెట్టింది. ఉగాది దాటాక మోటరు వేస్తే ఉత్త శబ్దమే.

మిట్టకు అవతల లింగప్ప బోరులో ఇంకా నీళ్ళున్నాయి. వారంలో ఒక రోజు, గురువారం, ట్యాంకరు నింపుకొమ్మన్నాడు. మిగిలిన రోజులు ఆ నీళ్ళు అతని తోటకే చాలవు. ఆ ఒక్క రోజు వదులుకోవడమే ఎక్కువ. అట్లాంటిది, పోయిన గురువారం బండి నిండు ట్యాంకరుతో మిట్ట ఎక్కుతూ కుతకుత ఉడికి నిలబడిపోయింది. ఆదెన్న తొందరపడి రేడియేటర్ మూత తిప్పాడు. ఆవిరి ఎగజిమ్మి ముంజేయి కాలింది. తోటలో పడమటి వరసలకు ఆ వారం నీళ్ళు అందలేదు. ఇప్పుడు ఆ చెట్ల ఆకులు దొప్పల్లాగా ముడుచుకొని ఉన్నాయి. ఈ గురువారం కూడా తప్పితే పిందెలు రాలతాయి. ఆ పైన చెట్లు కూడా నిలిచేవి కావు.

ఈ రోజు బుధవారం.

పొద్దున్నే బానెట్ ఎత్తిపెట్టి, ఇంజను ముందర నిలబడి ఉన్నాడు ఆదెన్న. తిప్పమ్మ కలబంద మట్ట చీల్చుకొని వచ్చింది.

"చెయ్యి సూపీ."

"ఏమీ లేదు పోమ్మే."

"ఏమీ లేకుంటే సూపేదానికేమి నొప్పి?"

చెయ్యి ఇచ్చాడు గానీ కళ్ళు ఇంజను మీదే ఉన్నాయి. ఆమె కాలిన చోట గుజ్జు రాస్తూ, "ఈ ఇనుమును సూసేదాంట్లో సగమన్నా నన్ను సూసింటే, నేను గూడా ఇన్నేండ్లు ఆగకుండా నడుస్తాంటి" అంది.

"నువ్వు యాడ ఆగినావు? నోరైతే యాడా ఆగినట్ల లేదే."

ఆమె కలబంద మట్టతో అతని భుజం మీద ఒకటి వేసింది.

గుత్తిలో మెకానిక్ యేసన్నకు ఫోను కలిపాడు. చేతులకు జిడ్డు ఉండడంతో ఫోను మడ్‌గార్డు మీద పెట్టి, లౌడు స్పీకరు వేశాడు.

"ఆయిలు గేజీ తీసి సూసినావాన్నా? మజ్జిగ మాదిరి ఉండాదా?" అన్నాడు యేసన్న.

"లేదు. నల్లగానే ఉండాది."

"రేడియేటర్‌లో బుడగలు?"

"లేవు. నీళ్ళు రవ్వంత ఎర్రగుండాయి. తుప్పు."

"పొగ?"

"మామూలే."

"మరి నీళ్ళు యాడికి పోతాండాయప్పా, పరలోకానికా?"

"ఆ దారి నీకే తెలుసు గదా. ఆదివారం చర్చికి పోయినప్పుడు అడిగి చెప్పు."

యేసన్న నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నవ్వులకు కాదన్నా. ఇంజను హెడ్డో బ్లాకో సన్నగా చీలి ఉంటే మాత్రం ఇంగ దాన్ని నమ్ముకోవద్దు. ఆ మోడలుకు సామాన్లు యాడా దొరకవు. పాత ఇనుము కింద తూకానికి ఎయ్యాల్సిందే."

తూకం అన్న మాటకు కలబంద రాస్తున్న వేళ్ళు ఆగాయి. ఆదెన్న ఫోను కట్ చేశాడు. ఆమె ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టే అతను చెప్పాడు.

"బండి పోతే పోనీ. కావడి ఉండాది. రెండు బిందెలు కట్టుకోని నేనే మోస్తా, పడమటి వరసలకన్నా."

"పోయినేడు నడుము పట్టి నెల దినాలు మంచంలో ఉన్నెది ఎవరు? నేనా?"

"అది పోయినేడు."

తిప్పమ్మ మట్టను దూరంగా విసిరేసి, కొట్టంలోకి పోయింది. పోయిన గురువారం కూడా మిట్ట మీద ఇదే మాట అన్నాడతను. అప్పుడు కూడా ఆమె ఇట్లాగే విసురుగా, రోడ్డు దారిన ఇంటికి నడిచింది.

ఆదెన్న బండిని కాసేపు ఆడించి, ఆపి, చల్లారే దాకా రాతి మీద కూర్చున్నాడు. అతనికి తెలిసిన పని అదే. ఆవు మేత మానేసినా, మోటరు మొండికేసినా, ముందు ఎదురుగా కూర్చుని చూస్తాడు. ఎండ ఎక్కింది. దూరంగా గుత్తి కొండ మీది కోట గోడలు ఎండలో తెల్లబడ్డాయి. గాలి లేదు.

తేనెటీగ ఒకటి వచ్చింది. ఎండాకాలం తేనెటీగలు తడి ఎక్కడున్నా వదలవు. తొట్టి అంచు మీద వాలతాయి, కడవ కింది ఇసుక మీద వాలతాయి. ఇది రేడియేటర్ మూత మీద వాలుతుందేమో అనుకున్నాడు. వాలలేదు. ఫ్యాను రెక్కల సందులోంచి వెనక్కి దూరింది. కొంచెం సేపటికి ఇంకొకటి వచ్చి అదే సందులో దూరింది. మొదటిది బయటికొచ్చి ఎగిరిపోయింది. మూడోది వచ్చింది.

ఆదెన్న లేచాడు.

"మే! నీ బొట్టద్దం ఇటీ."

"ఇప్పుడేమి సింగారం?" అంటూ తిప్పమ్మ అరచెయ్యంత అద్దం తెచ్చింది. అతను దాన్ని ఫ్యాను వెనకాల, బెల్టు తిరిగే చక్రం కిందుగా పట్టి, ఫోను వెలుగు కొట్టాడు. అద్దంలో వాటర్ బాడీ అడుగు కనబడింది. దాని పొట్ట కింద చిన్న బెజ్జం. బెజ్జం నుంచి కిందికి సున్నం గీసినట్టు తెల్లటి ఉప్పు చార. బెజ్జం అంచున ఆవగింజంత నీటిబొట్టు. దానికి మూతి ఆనించి ఒక తేనెటీగ.

అతను ఫ్యాను రెక్క పట్టి ముందుకూ వెనక్కూ ఊపాడు. టక్కుమంది. ఇంకోసారి ఊపాడు. మళ్ళీ టక్కు. ఊగే పన్నులాగా ఆడుతోంది.

"బ్లాకు కాదు" అన్నాడు. ఇంకోసారి అద్దంలో చూశాడు. మళ్ళీ అన్నాడు. "బ్లాకు కాదు మే. వాటర్ బాడీ."

"అంటే?"

"ఇంజన్లో నీళ్ళను తిప్పేది. మనిషికి గుండెకాయ ఎట్లనో అట్ల. లోపల సీలు అరిగింది, బేరింగు పోయింది. బండి ఆడేటప్పుడు కారే నీళ్ళను ఫ్యాను గాలి ఇంజను మీదికి కొడతాండాది. ఆ వేడికి ఆడికాడనే ఇంకిపోతాండాయి. ఆపినాక ఒకటో రెండో చుక్కలు పడితే మన నేల ఉండనిస్తుందా? అది మనకంటే దప్పి మీద ఉండాది."

"అయితే తూకానికి..."

"యేసన్నను తూకానికి ఎయ్యల్ల."

తిప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఇంకోటో అతనికి తెలియలేదు.

బెల్టు తీశాడు, ఫ్యాను విప్పాడు. వాటర్ బాడీ బోల్టులు పైవి వచ్చాయి. కింద లోపలి మూలన ఒకటి ఉంది. అక్కడికి అతని లావు వేళ్ళు దూరలేదు. ఎడమ చెయ్యి పెట్టాడు, కుడి చెయ్యి పెట్టాడు. కాలిన చర్మం రేడియేటర్ అంచుకు రాసుకొని పళ్ళు బిగబట్టాడు. చేయి వెనక్కి తీసుకొని, పెళ్ళాం చేతుల వంక చూశాడు.

"నీ చెయ్యి పెట్టు."

"నేనా?" తిప్పమ్మ వెనక్కి చూసింది, ఇంకెవరినైనా అంటున్నాడేమో అన్నట్టు. "ఆయుధ పూజకు బొట్టు పెట్టేదానికి తప్ప ఎప్పుడన్నా ముట్టుకోనిచ్చినావా దీన్ని?"

"ఇప్పుడు ముట్టుకో."

ఆమె గాజులు మోచేతి మీదికి ఎగదోసి, చెయ్యి లోపలికి పోనిచ్చింది. అతను స్పానరు ఆమె వేళ్ళకు అందించి, మోచేతి కింద తన అరచెయ్యి ఆనించాడు. "నీ పక్కకు లాగు. ఆఁ. కదల్లేదా? ఇంగ రవ్వంత. మనం ఎద్దును లాగినట్ల కాదు, పాలు పిండినట్ల. అదీ."

కిర్రుమంది. తిప్పమ్మ అదిరిపడింది. "విరిగినాదా?"

"లేదు. ఒప్పుకున్నాది."

బోల్టు ఆమె అరచేతిలో పడింది. నల్లటి జిడ్డు పూసుకున్న ఆ చేతిని ఆమె చాలాసేపు కడుక్కోలేదు. అతను వాటర్ బాడీని గోనెసంచిలో చుట్టి, మోపెడ్డు ముందర పెట్టుకున్నాడు.

"మామా, ఒకటి చెప్పల్ల."

"వచ్చినాక చెబుదువు. యేసన్న బువ్వకు పోతే మళ్ళా మాపటేలకు గానీ రాడు."

దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు.

గుత్తిలో యేసన్న పాత సీలు ఊడదీసి చూపించాడు. రబ్బరు అంచు రంపంతో కోసినట్టు ఉంది. "నీ బోరు నీళ్ళ ఉప్పు ఇది. తాగితే మన మోకాళ్ళు పోతాయి, పోస్తే దీని సీలు పోతాది" అన్నాడు. కొత్త బేరింగు ఎక్కించి, సీలు దింపి, ఇరుసు తిప్పి చూసి ఇచ్చాడు. పచ్చటి కూలెంటు డబ్బా ఒకటి సంచిలో పెట్టాడు. "ఇది కలుపుకోన్నా. అక్కకు చెప్పు, దీన్ని శరబత్తు అనుకోని ఎవురికీ పోయొద్దని."

ఆదెన్న తిరిగొచ్చేసరికి పొద్దు పడమటికి వంగింది. కొత్త ప్యాకింగు వేసి వాటర్ బాడీ బిగించాడు. లోపలి మూల బోల్టు ఈసారి అడగక ముందే తిప్పమ్మ బిగించింది. కూలెంటు కలిపి నీళ్ళు పోశారు. సెల్ఫు కొట్టాడు. బండి అందుకుంది. అద్దం పెట్టి చూశాడు. బెజ్జం పొడిగా ఉంది. ఎంతసేపు చూసినా పొడిగానే ఉంది.

"నిలిచింది" అన్నాడు.

తిప్పమ్మ మొహంలో సంతోషం కనబడలేదు. ఆమె రేడియేటర్ వంకే చూస్తోంది.

వేడి చూపే ముల్లు లేచింది. సగం దాటింది. రవ్వంత ఆగి, మళ్ళీ లేచి, ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. మూత దగ్గర బుసబుస మొదలైంది. ఆదెన్న బండి ఆపాడు.

కారడం నిలిచింది. ఉడకడం నిలవలేదు. అయితే యేసన్న అన్నదే నిజం. లోపల ఎక్కడో చీలింది. వాటర్ బాడీ పైకి కనబడిన జబ్బు, అసలు జబ్బు లోపల ఉంది. ఆదెన్న రాతి మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. చీకటి పడేలోగా ఇంకేమి విప్పగలడు? విప్పి మాత్రం ఏమి చేయగలడు? పడమటి వరసల వైపు చూడాలనిపించలేదు. చూడకపోయినా కనబడుతూనే ఉన్నాయి.

"పోయింది మే" అన్నాడు. "నీ తోటను నేను..."

ఆ మాట పూర్తి కాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను కంట నీరు పెట్టడం తిప్పమ్మ చూడలేదు. ఇప్పుడు కూడా పెట్టలేదు, కానీ తల మోకాళ్ళ మధ్యకు వంచాడు. ఆమె వచ్చి అతని ముందర నేల మీద చతికిలబడింది.

"మామా. అది బండి జబ్బు కాదు. నేను ఏసినా."

"ఏమి ఏసినావు?"

"రాగిపిండి."

ఆదెన్నకు అర్థం కాలేదు. "యాడ?"

"దాని నోట్లో." రేడియేటర్ మూతను చూపించింది. "పోయిన గురువారం మిట్ట మీదినుంచి నడిచి పోతాంటే, రోడ్డు మీద టీ అంగట్లో లారీ అతను చెప్పినాడు. సన్న కారుడుకు రాగిపిండి కలిపి పోస్తే అంటుకోని నిలుస్తాదంట. నీకు జ్వరమొస్తే నేను అంబలే గదా పోసేది. దీనికి గూడా..."

"ఎంత పోసినావు?"

"ఆయప్ప పిడికెడు అన్నాడు." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "బండి పెద్దది గదా అని చాటెడు కలిపినా."

ఆదెన్న లేచి వెళ్ళి, రేడియేటర్ పైభాగాన అరచెయ్యి దగ్గర పెట్టాడు. నిప్పు సెగ. కింది భాగం తాకాడు. చల్లగా, నీళ్ళ కుండ మాదిరి ఉంది. పైనుంచి నీళ్ళు కిందికి దిగడమే లేదు. తుప్పు అనుకొని చూసిన ఎరుపు గుర్తొచ్చింది. వారం రోజులుగా లీకు వెతుకుతూ బండిని ఆడించినప్పుడల్లా లోపల అంబలి కాగి, గట్టిపడి, సంగటయింది.

తిప్పమ్మ తల వంచుకొని, తిట్టు కోసం ఎదురుచూస్తోంది.

"ఉప్పేసినావా?" అన్నాడు.

"ఆఁ?"

"అంబలిలో."

"రవ్వంత ఏసినా" అంది చిన్నగా. "చెయ్యి అలవాటు."

ఆదెన్న నవ్వాడు. మొదట ముక్కుతో నవ్వాడు, తర్వాత నోరు తెరిచి నవ్వాడు, తర్వాత మడ్‌గార్డు పట్టుకొని వంగిపోయి నవ్వాడు. అతను అట్లా నవ్వితే కొట్టం పక్క కోళ్ళు కూడా బెదిరి పక్కకు పోయాయి. తిప్పమ్మకు మొదట రోషం వచ్చింది. "ఏమప్పా, నవ్వుతావు? నాకు ప్రాణం పోతాంటే..." అని, ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"నాతో చెప్పకుండా యాల పోసినావు?"

"నువ్వు కావడి మోస్తానంటివి."

"ఏదో నోటికొచ్చింది అంటి."

"నువ్వు నోటికొచ్చింది అనవు మామా. మోస్తావు. నాకు తెల్దా? ఆ చెట్లు బతకాలని నాకుండాది. నీ నడుము ఇరిచి బతికించుకోవాలని లేదు."

అతను దగ్గరికి జరిగాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఆ చేతికి జిడ్డు ఉందని గుర్తొచ్చి తీయబోయాడు. ఆమె తీయనివ్వలేదు.

చల్లారే దాకా ఆగారు. ఈసారి మూత దగ్గరికి ఎవరూ తొందరపడి పోలేదు. కింది పైపు విప్పితే ముందు ఏమీ రాలేదు. తీగతో పొడిస్తే నాలుకంత గోధుమరంగు ముద్ద ఒకటి జారి పడింది. రేడియేటర్‌ను బోల్టులు విప్పి కిందికి దించి, తలకిందులుగా బండకు ఆనించారు. ఇంట్లో ఉన్నవి తాగే నీళ్ళ డ్రమ్మూ రెండు బిందెలూ. తిప్పమ్మ బిందె తెచ్చి పెట్టింది.

"తాగేటివి గదే."

"రేపు దీంతోనే గదా తెచ్చేది."

నీళ్ళు గోరువెచ్చగా కాచి కింది మూతి నుంచి పోసింది. అతను రేడియేటర్‌ను ఊపాడు, అరచేత్తో తట్టాడు, సైకిలు పంపుతో ఊదాడు. సంగటి ముద్దలు ముద్దలుగా పై మూతి లోంచి పడింది. పాత చీర ముక్కలో వడగట్టి ఆ నీళ్ళే మళ్ళీ పోసింది. కోళ్ళు ముక్కులు ఆడిస్తూ వచ్చాయి. "ఛీ, ఇనుము తుప్పే అది" అని ఆమె తరుముతూ ఉంటే, "పోనీమ్మే, ఉప్పు సరిపోయిందో లేదో అవైనా చెప్తాయి" అన్నాడతను. పోసిన నీళ్ళు పోసినట్టు ధారగా దిగేదాకా వాళ్ళిద్దరూ లేవలేదు. పొద్దు పూర్తిగా వాలేసరికి రేడియేటర్ బండి మీదికి ఎక్కింది.

గురువారం పొద్దున కరెంటు రాగానే లింగప్ప మోటరు వేశాడు. ట్యాంకరు నిండింది. లింగప్ప చక్రం పక్కన నిలబడి, "మళ్ళా మిట్ట మీద వంట మొదలుపెడతారేమప్పా?" అని ఎగతాళి చేశాడు. ఉడకడం గురించి అన్నాడని ఆదెన్నకు తెలుసు. అయినా తిప్పమ్మ వంక చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆమె చేతి మీద గిల్లింది.

మిట్ట మొదలయ్యే చోట గేరు తగ్గించాడు. మడ్‌గార్డు మీద కూర్చున్న తిప్పమ్మ దారి చూడలేదు, ముల్లునే చూసింది. ముల్లు సగానికి వచ్చింది. పోయిన వారం ఆగిన రాయి వచ్చింది, పోయింది. ముల్లు అక్కడే ఉంది. మిట్ట నెత్తికి చేరాక తోట కనబడింది. వేడి గాలి ఎదురొచ్చింది. ఇంజను గొంతు మారలేదు.

ముందుగా పడమటి వరసలకే పోయారు. ఆదెన్న ట్యాంకరును వరస పక్కన ఆపుతూ పోతే, తిప్పమ్మ పైపు పట్టుకొని పాదు తర్వాత పాదు తడుపుతూ నడిచింది. పొట్టు కింది నేల బుడగలు లేపుతూ నీళ్ళు పీల్చుకుంది. పిందెలు కొన్ని రాలి ఉన్నాయి. నిలిచినవే ఎక్కువ. ఆమె రాలినవి లెక్కపెట్టలేదు.

వరస చివర ఒక చెట్టు మోడులాగా నిలబడి ఉంది. ఆకు రాలింది. పిందె లేదు. ఆదెన్న దాన్ని దాటి బండి ముందుకు కదిలించాడు.

"నిలుపు" అంది తిప్పమ్మ.

"దానికి యాల మే? అది పోయింది."

"పోయిందని నువ్వు చెప్తే అయిపోయినాదా?" ఆమె వంగి, మొదట్లో బెరడును గోటితో గీకింది. "రా, సూడు."

అతను దిగి వచ్చి చూశాడు. గోరు గీసిన చోట, ఎండిన పొర కింద, సన్నగా పచ్చగీత.

ఆమె పైపు లాగింది. అందలేదు, ఇంకో బారెడు కావాలి. ఆదెన్న బండెక్కాడు. రివర్సు వేసి, మెడ వెనక్కి తిప్పి ఆమె చెయ్యి ఊపే దిక్కు చూసుకుంటూ, ఆ చెట్టు దాకా ట్యాంకరును మెల్లగా తోలాడు.